నేను కోసిన నలభై అడుగులు

చర్చావేదికల మీద నేను గెలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ అడగకపోతే నేనే చెబుతాను. ఇది ఓడిపోయిన సందర్భం. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. గెలుపులు మీకు మీరే సంపాదించుకుంటారు. ఇటువంటివి మాత్రం పెద్దవాళ్లు నోరు విప్పితే తప్ప తెలియవు, పెద్దవాళ్లు సాధారణంగా విప్పరు.

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ట్రైనింగ్ సెంటర్లో ముప్పై ఏళ్లకు పైగా సినిమా ఆపరేటర్‌గా పనిచేశాను. సినిమా హాలు కాదు. గనిలో ప్రమాదం జరగకుండా ఎట్లా పనిచేయాలో నేర్పే చిన్న చిన్న సినిమాలు ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకు సెంటర్లో, ఏడాదికోసారి రక్షణ వారోత్సవాల్లో కాలనీలన్నిటిలో వాటిని ఆడించాలి. ఒక వ్యాను, ఒక ప్రొజెక్టరు, నాలుగు మూలలా తాళ్లున్న తెల్లగుడ్డ, డ్రైవరు, నేను. పొద్దు వాలగానే రెండు కరెంటు స్తంభాల నడుమ గుడ్డ కట్టేవాళ్లం. ఫస్ట్ షిఫ్టు చేసి స్నానాలు ముగించిన మగవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని ముందు కూర్చునేవాళ్లు. వాళ్ల వెనక పిల్లల్ని ఒళ్లో వేసుకుని ఆడవాళ్లు.

నాది మంథని. మా ఇంట్లో మగవాళ్లు తరతరాలుగా గుడి సేవలోనో, బడి పంతుళ్లుగానో బతికినవాళ్లు. పద్దెనిమిదేళ్ల వయసులో నేను జంధ్యం తీసి దండెం మీద వేసి, సంస్కర్తల పుస్తకాలు సంచిలో వేసుకుని గోదావరిఖని బస్సెక్కాను. వారానికో సభ, నెలకో కరపత్రం. శకునం, వాస్తు, దిష్టి, దయ్యం, ఏది ఎదురొచ్చినా వదిలేవాణ్ని కాదు. ఆ వాదనల్లో నేను అన్నదేదీ తప్పని ఈరోజుకీ అనుకోను. ఆ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే చివరికి వచ్చేసరికి నేనేదో మెత్తబడ్డానని మీకు అనిపించవచ్చు.

డ్రైవరు నాకు సరిగ్గా ఎదురు మనిషి. శ్రీరాంపూర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. వ్యాను ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టందే తాళం తిప్పడు. నేను రోజూ తెంపేవాణ్ని, అతను రోజూ కట్టేవాడు.

“నిమ్మకాయ బ్రేకు వేస్తుందా?” అనేవాణ్ని.

“నేనే ఏస్త సారూ. నాకు ధైర్నం అదిస్తది,” అనేవాడు.

ఇట్లా కొట్లాడుకుంటూనే ఒకే టిఫిన్ గిన్నెలో తిన్నాం.

ఎనభైల దశకం ముగుస్తుండగా ఒక కొత్త సినిమా వచ్చింది. నలుపు తెలుపు, పావుగంట నిడివి. బయటి నుంచి వచ్చినవాళ్లు మందమర్రి వైపు ఒక బాయిలో తీశారు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. అదే బొమ్మకు తెలుగులో, మరాఠీలో, ఇంకా రెండు మూడు భాషల్లో మాట కలిపి ఒక్కో బొగ్గు ప్రాంతానికి పంపారని విన్నాను. నటులు లేరు. అక్కడి బొగ్గు నింపే కార్మికుడు ఒకాయన్నే ముఖ్య పాత్రకు తీసుకున్నారు. పాఠం ఒకటే: పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగున పలుకుతుంది. వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా చెవికెక్కినవాడు షిఫ్టు దిగి ఇంటికి వస్తాడు.

డబ్బా మధ్యాహ్నం అందింది, సాయంత్రమే ఆట. ముందుగా ఒకసారి వేసి చూసుకునే తీరిక లేదు. సినిమా మొదలైన రెండు నిమిషాలకు గుడి గంట మోగింది. బాయి మీద, కార్మికులు లోపలికి దిగే చోట, మైసమ్మ అమ్మవారి గుడి కనిపించింది. ఆ కార్మికుడు నెత్తిన టోపీ దీపంతో వచ్చి గుడి ముందు ఆగాడు. తెర నిండా అతని ముఖం. మొక్కాడు.

అంతే, కాలనీ మొత్తం లేచింది. ఆడవాళ్లు తెరకు దండాలు పెట్టారు. ఒకామె గొంతెత్తి మైసమ్మను పిలిచింది, పది గొంతులు కలిశాయి. ఎవరి ఇంట్లోంచి వచ్చిందో ఒక కొబ్బరికాయ వచ్చింది. తెర కింద రాయికి వేసి పగలగొట్టారు. నీళ్లు నా తెల్లగుడ్డ మీద పడ్డాయి. ఈ గోలలో సినిమా ఏం చెబుతోందో ఎవరికీ వినపడలేదు, ప్రొజెక్టరు పక్కన కూర్చున్న నాకు అసలే వినపడలేదు. రెండో కాలనీలో గుడ్డకు పసుపు రాశారు. మూడో కాలనీలో గంట మోగగానే ఒకాయనకు పూనకం వచ్చింది. కప్పు కొట్టి చూసే పాఠం వచ్చేసరికి జనం ప్రసాదం పంచుకుంటున్నారు.

నాలుగో రోజు పొద్దున సెంటర్లో రీలు బల్ల మీద పెట్టి, గంట మోగిన చోటి నుంచి అతను గుడి ముందు నుంచి కదిలేదాకా కత్తిరించి, కొసలు రెండూ అతికించాను. నలభై అడుగులుంటుంది. ఎవరినీ అడగలేదు. కోసిన చుట్టను వెనకనున్న చెత్తకుప్పలో పారేశాను.

డ్రైవరు గుమ్మంలో నిలబడి చూశాడు. “అమ్మోరి మీద కత్తెర వెడ్తివి సారూ. కండ్లు పోతయి.”

“పోతే దవాఖానలో చూపించుకుంటా.”

పాతికేళ్ల తర్వాత నాకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మొదటి ఫోను అతనిదే. “జెప్పలే?” అన్నాడు. అతనికి రెండు కళ్లకూ నాకంటే ముందే ఆపరేషన్ అయిందని గుర్తు చేస్తే, “నేను జూస్కుంట నిలవడ్డ గద, అందుకు,” అన్నాడు.

ఇక్కడ పనికి సంబంధించిన చిన్న విషయం చెప్పాలి. ఆ రీళ్లలో బొమ్మా, దాని చప్పుడూ పక్కపక్కన ఉండవు. చప్పుడు ఒక సెకను ముందు ముద్రించి ఉంటుంది. అందుకని బొమ్మను చూసి కోస్తే, దాని చప్పుడులో మొదటి సెకను అంతకు ముందున్న ముక్కకే అంటుకుని మిగిలిపోతుంది. నేను మైసమ్మను తీసేశాను కానీ గంట మోత మిగిలిపోయింది. టోపీ దీపాలిచ్చే గది తలుపులు పోయి చీకటి గని వస్తుండగానే ఒక్కసారి ఖణేల్‌మంటుంది. అడిగినవాళ్లకు షిఫ్టు గంట అని చెప్పేవాణ్ని.

రెండేళ్లకు సెంటర్లో ఊడ్చే పనికి ఒకామె వచ్చింది. పాతికేళ్లుంటాయి, చంకలో చిన్న ఆడపిల్ల. భర్త డ్యూటీకి పోతూ సైకిల్ మీదే గుండె ఆగి పోయాడట. అతని బదులు ఆమెకు ఉద్యోగం ఇచ్చి మందమర్రి నుంచి ఇటు వేశారు. మొదటి వారంలోనే నా గది ముందుకొచ్చి నిలబడింది.

“మా ఆయన సినిమా ఈడ ఉన్నదట గద సారూ. ఒక్కసారి ఏస్తరా? ఆయినె సూడకుంటనె పాయె.”

అప్పుడు తెలిసింది నాకు, నేను కోసింది ఎవరి ముఖమో.

వేశాను. ఇంకేం చేయను? ఆ సినిమాలో అతని ముఖం ఉన్నది ఆ నలభై అడుగుల్లోనే. మిగతాదంతా గని లోపలి చీకటి: వీపు, చెయ్యి, కర్ర. గంట మోగగానే ఆమె నిటారుగా కూర్చుంది. చీకటి వచ్చింది. వీపు వచ్చింది. ఒళ్లో పిల్ల “నాయిన ఏడే అమ్మా?” అంది.

“అగో బిడ్డా, వీపు.”

సినిమా అయిపోయాక నా దగ్గరికొచ్చింది. “గంట కొట్టంగనె ముఖం రావాలె సారూ. మైసమ్మకు మూడుసార్లు మొక్కిచ్చిండ్రట. మొదటిసారి నవ్వు ఆగలేదట, రెండోసారి తుమ్మిండట. ఇంటికచ్చి చెప్పి చెప్పి నవ్విండు. గా ముఖం ఏడవాయె?”

“తీసినవన్నీ ఉంచరు చెల్లె,” అన్నాను.

వాక్యం చూడండి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. జీవితమంతా ఎదుటివాళ్ల వాదనల్లో ఇటువంటి వాక్యాలనే పట్టుకుని చీల్చి చెండాడాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆమె, నేను ఒకే కప్పు కింద పనిచేశాం. నన్ను “దేవుడు లేని సారు” అని పిలిచేది. బతుకమ్మకు సత్తుపిండి తెచ్చి, “దీనికి దేవునితోని పని లేదు, తినుండ్రి” అని బల్ల మీద పెట్టేది. నా కరపత్రాలు మడిచి పొయ్యి ముట్టించడానికి తీసుకుపోయేది, అయితే ముందు బిడ్డతో చదివించుకునేదట. బిడ్డ పదో తరగతిలో తాయెత్తు కట్టించుకోనని పంతం పట్టినప్పుడు, “గిదంత మీ కాయితాల పుణ్యమే,” అని తిట్టింది. ఆ తిట్టులో గర్వం ఉంది. ఏటా రక్షణ వారోత్సవాల్లో మాత్రం ఆ సినిమా వేసే వేళకు చీపురు గోడకు ఆనించి తలుపు దగ్గర నిలబడేది. గంట మోగగానే చూపు తెర మీదికి లేచేది. ఆ ఒక్క సెకను నేను ప్రొజెక్టర్లో ఏదో సర్దుతున్నట్టు తల దించుకునేవాణ్ని. మిగిలిన ఆ గంట మోతను కూడా కోసేద్దామని ఒకసారి కత్తెర తీశాను. చెయ్యి రాలేదు.

తర్వాత టేపులొచ్చాయి, సీడీలొచ్చాయి, ప్రొజెక్టరు మూలకు చేరింది. నేను రిటైరయ్యాను. రీళ్ల డబ్బాలను సెంటర్ బీరువాలో పెట్టి తాళం అప్పగించి వచ్చాను. ఆమె కూడా మొన్న మొన్న రిటైరైంది.

పోయిన ఏడాది సెంటర్ నుంచి ఫోను. “పాత డబ్బాల కోసం ఎవరో వచ్చారు. మీకు తప్ప ఎవరికీ తెలియదు, రండి,” అని.

నాలుగు రాష్ట్రాల సినిమా, టీవీ పరిశోధకులు, పాత రీళ్లు భద్రపరిచేవాళ్లు కలిసి ఒక ఉమ్మడి పని పెట్టుకున్నారు. గనుల గురించి, మిల్లుల గురించి, ఆనకట్టల గురించి ఒకప్పుడు తీసిన సినిమాలు ఎక్కడెక్కడ ఏ స్థితిలో ఉన్నాయో పట్టిక రాస్తున్నారు. ఒకరి దగ్గర బొమ్మ పాడై మాట మిగిలింది, ఇంకొకరి దగ్గర మాట పోయి బొమ్మ మిగిలింది. ఎవరిది వాళ్లు బీరువాలో పెట్టుకున్నంతకాలం ఎవరి దగ్గరా పూర్తి సినిమా లేనట్టే. అందుకని మూడు రోజులు మా సెంటర్ హాల్లో కూర్చుని, పట్టికలు పక్కపక్కన పెట్టి, సరిపోల్చుకుంటున్నారు. నేను ఎన్నో హేతువాద సభలకు వెళ్లాను. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా, ప్రతివాళ్లూ “మీ దగ్గర ఏముంది, చూపించండి” అని మాత్రమే అడిగిన సభ అదొక్కటే.

తెలుగు పని చూసేది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంజనీరు గారి కూతురు, మా ఆఫీసర్ల కాలనీలోనే పెరిగింది. డబ్బా మూత తీసి, పచ్చడి జాడీని వాసన చూసే అత్తగారిలా చూసేది. ఫిల్ము పాడవుతుంటే పుల్లటి వాసన వస్తుంది. “ఇది బానే ఉందండి అంకుల్, ఇంకో పదేళ్లు నిలుస్తుంది,” అని మురిసిపోయేది. మరాఠీ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గోదావరి అవతల సిరోంచ దగ్గర తల్లి ఊరు. అందుకని మన తెలుగు మనకంటే చక్కగా మాట్లాడతాడు. ఇద్దరూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డబ్బాల చరిత్ర అడిగారు. ఇంత మర్యాద నాకు ఉద్యోగంలో ఉండగా జరగలేదు.

రెండో రోజు ఆ సినిమా వంతు వచ్చింది. తెలుగు రీలును ముందురోజే యంత్రంలో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. మరాఠీ ఆయన తన దగ్గరున్నది ఎక్కించి తెచ్చుకున్నాడు. రెండు తెరలు పక్కపక్కన.

“అంకుల్, మనది నలభై అడుగులు తక్కువొచ్చింది,” అంది అమ్మాయి. “ఇంకోటండి. ఇక్కడ గుడి గంట వినిపిస్తోంది. గుడేమో లేదు. గంట ఎక్కడి నుంచి వచ్చింది?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన రెండో మనిషి ఆమె. మొదటి మనిషి చంకలో పిల్లతో అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే మరాఠీ ఆయన తన తెర నడిపించాడు. గంట మోగింది. ముఖం వచ్చింది.

ఎంత చిన్నవాడో! పల్చటి మీసం. పెదవుల కొసన ఆపుకుంటున్న నవ్వు. మూడోసారి తీసింది కాబోలు. ఒక చేత్తో మొక్కుతున్నాడు, రెండో చేతిలో కప్పు కొట్టే కర్ర ఉంది. కర్ర సంగతి నేను అప్పుడు చూడనే లేదు. వెనక నుంచి మరాఠీలో ఒక గొంతు ఏదో చెబుతోంది.

“ఏమంటున్నాడు?” అని అడిగాను.

ఆయన వెనక్కి జరిపి మళ్లీ విని చెప్పాడు. “మైసమ్మకు మొక్కు, మంచిదే అంటుండు. గాని అమ్మోరు బాయి మీదుంటది, కప్పు కింద ఉండేది నువ్వు అంటుండు. మొక్కినంక నీ కర్రతోని నువ్వే కొట్టి సూడు అంటుండు. మస్తు మాటన్నా!”

అమ్మోరు బాయి మీద ఉంటుంది, కప్పు కింద ఉండేది నువ్వు. ఎన్నో వేదికల మీద గంటల తరబడి అరిచి నేను చెప్పలేకపోయిన సంగతి అది. కోపం లేకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా, మొక్కుతున్న మనిషి పక్కన నిలబడి చెప్పిన మాట. దాన్ని మూఢనమ్మకమని కోసి చెత్తకుప్పలో వేశాను. వినలేదు. కప్పు కొట్టి చూడమని ఊరందరికీ నేర్పే ఉద్యోగంలో ఉండి, నేను మాత్రం కొట్టి చూడలేదు.

అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. “నేను అనుకున్నదే అంకుల్! తెలుగు కూర్పులో దీన్ని కావాలనే వదిలేశారు. ఈ ప్రాంతంలో సంస్కరణ ఉద్యమాల ప్రభావం అది. నా పరిశోధనలో ఒక అధ్యాయం మొత్తం దీని మీదే రాస్తాను. అప్పుడు ఇక్కడ పనిచేసినవారిగా మీరు ఒక్క మాట రికార్డు మీద చెబితే చాలు.” రికార్డర్ నా ముందుకు జరిపింది.

నిజం చెబుతున్నాను, ఒక క్షణం ఆశపడ్డాను. నా కత్తెరకు ఉద్యమం అని పేరు వస్తుంది. పుస్తకంలోకి ఎక్కుతుంది. అడిగేవాళ్లు లేరు. డ్రైవరు చెప్పడు, నా గురించి అతను ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనివి చాలా ఉన్నాయి. ఆ ముఖం అక్కడ తెర మీద ఆగి నన్నే చూస్తోంది.

“ఉద్యమం కాదమ్మా,” అన్నాను. “నేనే.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. కొబ్బరికాయ నుంచి చెత్తకుప్ప దాకా చెప్పాను. మరాఠీ ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. “మా దిక్కు ఒకాయన ఉల్టా చేసిండన్నా. సారా తాగే సీను తీసేసి దేవుని బొమ్మ అతికిచ్చిండు. కత్తెర దొరికినోడు ఊకుంటడా?” అన్నాడు. ఓదార్పు అంటే అట్లా ఉండాలి.

అమ్మాయి రికార్డర్ ఆపేసింది. తర్వాత కంప్యూటర్లో ఏదో ఫైలు మూసింది. “అధ్యాయం పోయిందండి అంకుల్,” అంది. ఆ వెంటనే నవ్వింది. “పోనీలెండి. సినిమా దొరికింది.”

ఆమె నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. ప్రతి రీలుకూ అటువంటిది నింపుతున్నారు, నాలుగు రాష్ట్రాల్లోనూ ఒకటే నమూనా. అందులో ఒక గడి: కోతలు, ఎవరు, ఎందుకు. నేను అలవాటు కొద్దీ మూఢత్వం గురించీ, ఆనాటి పరిస్థితుల గురించీ అరపేజీ రాశాను. “ఆ గడిలో అంత పట్టదండి,” అంది. కొట్టేసి, “ఆపరేటర్. వినకుండా కోశాడు,” అని రాశాను. అది పట్టింది.

దాని కింద ఇంకో గడి: కనిపించే వ్యక్తులు. అందులో ఆమె అప్పటికే “గుర్తు తెలియని కార్మికుడు” అని రాసి ఉంచింది. ఆ పేరు నాకు తెలుసు. కానీ చెప్పే హక్కు నాది కాదనిపించింది. ఒక పూట ఆగమన్నాను.

ఆ సాయంత్రం అతని భార్య ఇంటికి వెళ్లాను. చౌరస్తా వెనక రెండు గదుల ఇల్లు. వాకిట్లో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“రాండ్రి, దేవుడు లేని సారూ! ఛాయ పెట్టాల్నా?”

“కూర్చో చెల్లె. ముందు నేను చెప్పేది విను.”

చెప్పాను. గింజలు తీసే చెయ్యి ఆగింది. ఆమె నా వైపు చూడలేదు, పళ్లెంలోకే చూస్తోంది.

“అయితె తీసిండ్రన్నట్టు,” అంది.

“తీశారు. నేను కోశాను.”

“నా ముంగట కూసోని ఇన్నేండ్లు ఛాయ తాగినవు.” మొదటిసారి నన్ను నువ్వు అంది. “ఏటేటా నేను తలుపుకాడ నిలవడితె సూసినవు.”

“చూశాను.”

“దేవుడు లేడంటవు. మంచిది, నీ ఇష్టం. దేవుడు లేకుంటె అవద్ధమాడచ్చని నీకెవలు జెప్పిండ్రు?”

పిల్లలూ, పండితులతో వాదించాను, స్వాములతో వాదించాను. ఒకాయన సంస్కృత శ్లోకాలతో దాడి చేస్తే సంస్కృతంలోనే తిప్పికొట్టాను. ఆ వాకిట్లో మాత్రం ఓడిపోయాను.

“ముఖం దొరికింది చెల్లె,” అన్నాను. “మహారాష్ట్ర వాళ్ల దగ్గర ఉంది. రేపు పొద్దున సెంటర్‌కు రా. నా ముఖం చూడనంటే నేను రాను, వాళ్లు చూపిస్తారు.”

ఆమె పళ్లెం పక్కన పెట్టి లేచింది. “నువ్వు రాకుంటె ఎట్ల? కోసినోనివి నువ్వే, సూపెట్టేటోనివి గూడ నువ్వే.” లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఛాయ ఇవ్వలేదు.

మర్నాడు ఆమె మా పాత డ్రైవరు ఆటోలో వచ్చింది. రిటైరయ్యాక అతను ఆటో కొన్నాడు. ముందు నిమ్మకాయ వేలాడుతోంది. నేను దాని జోలికి పోలేదు. అది చూసి అతనికి కంగారు పుట్టింది. “పానం బాగున్నదా సారూ?” అన్నాడు.

హాల్లో గోడ మీద తెర. ప్రొజెక్టరు పాతది కాదు, ఒక మీట నొక్కితే చాలు. ఆ మీట మీద నేనే వేలు పెట్టాను. ఆమె ముందు వరుసలో కూర్చుంది. పరిశోధకులందరూ తమ పట్టికలు పక్కనపెట్టి వెనక నిలబడ్డారు.

గంట మోగింది. ఆమె నిటారుగా అయింది, ఎప్పటిలాగే.

ముఖం వచ్చింది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. అందరం అనుకున్నాం, అమ్మాయి చేతిలో రుమాలు సిద్ధంగా ఉంది. ఆమె ముందుకు వంగి, కళ్లు చిన్నవి చేసి చూసి, “ఆ జేబు నేనే కుట్టిన,” అంది. “సూడుండ్రి, వంకరగున్నది. డ్యూటీకి ఆల్చమైతుందని జల్ది జల్ది కుట్టిచ్చుకున్నడు.”

మేమెవ్వరం ఆ జేబు చూడలేదు. అప్పుడు చూశాం. వంకరగానే ఉంది.

“ఇంకోసారి ఎయ్యి.”

వేశాను. ఈసారి ఆమె చెయ్యి ఎత్తింది. “ఆ మాటలు బందు వెట్టుండ్రి. ఆయన మాట కాదు గద.”

మాట ఆపేశాను. ఏ మాటను వినలేదని రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నానో, ఆ మాట ఆమెకు అక్కర్లేదు. చప్పుడు లేని తెర మీద అతను వచ్చాడు, ఒక చేత్తో మొక్కాడు, నవ్వు ఆపుకున్నాడు, వెళ్లిపోయాడు. “ఒక్క చేత్తోని మొక్కుడేందయ్య!” అని అతన్ని కసిరింది. తర్వాత నా వైపు తిరగకుండానే, “ఇంట్ల గూడ గంతే సారూ. పండుగనాడు అగరువత్తి ముట్టియ్యమంటె, చేతులు నల్లగున్నయి, నువ్వే ముట్టియ్యి అంటుండె,” అంది.

మళ్లీ సారూ అంది. నేను నాలుగోసారి వేశాను, అడగకుండానే.

లేచేటప్పుడు అమ్మాయి ఆ కాగితం తెచ్చి, ఏమేం రాశారో చదివి వినిపించింది. నా కోత గడిని ఆమె దాటనిచ్చింది. రెండో గడి దగ్గర ఆపింది.

“ఏమని రాసినవ్ బిడ్డా?”

“గుర్తు తెలియని కార్మికుడు అనండి.”

“తెల్వకపోవుడేంది? నేను బతికె ఉన్న గద!”

పేరు చెప్పింది. ఇంటి పేరుతో సహా. ఏ బాయి, ఏ పని, ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పింది. జేబు కుట్టింది ఎవరో కూడా రాయమంది. అమ్మాయి తెలుగులో రాసింది, మరాఠీ ఆయన తన కాగితం మీద తన లిపిలో రాసుకున్నాడు, మిగతా రెండు రాష్ట్రాలవాళ్లూ వచ్చి అడిగి అడిగి రాసుకున్నారు. పలకడం సరిగ్గా వచ్చేదాకా ఆమె ఒక్కొక్కరి చేతా రెండేసిసార్లు చెప్పించింది.

ఈ వ్యాసంలో నేను ఎవరి పేరూ రాయలేదు, మీరు గమనించే ఉంటారు. ఉద్యోగ జ్ఞాపకాల్లో అది మర్యాద. ఆ పేరు కూడా ఇక్కడ రాయను. అది నాలుగు లిపుల్లో, నాలుగు పట్టికల్లో ఉంది. వెళ్లి చూడండి. నా పేరు ఉండవలసిన చోట ఆపరేటర్ అని మాత్రమే ఉంటుంది.